పాత మోటార్ సైకిల్ పునర్నిర్మాణం: ఇనుప బ్లాకు బుల్లెట్

వాడకం మానేసి మూలన పెట్టిన పాతకాలపు మోటార్ సైకిల్‌ను నట్టు నట్టుగా విప్పి, ప్రతి భాగం అరుగుదల కొలిచి, బాగయ్యేవాటిని బాగుచేసి, కానివాటిని మార్చి, మళ్లీ రోడ్డెక్కించడాన్ని పునర్నిర్మాణం అంటారు. సర్వీసింగులో చెడిన భాగాన్ని వెతుకుతారు. పునర్నిర్మాణంలో చెడని భాగాన్ని కూడా అనుమానించి చూస్తారు. బండి కదలడం ఒక్కటే లక్ష్యమైతే దానికి ఇంత శ్రమ అక్కర్లేదు. కొత్తగా వచ్చినప్పుడు ఆ బండి ఎలా నడిచిందో అలా నడిపించడమే అసలు ఉద్దేశం.

ఈ పనిని కంపెనీలు చేస్తాయి, పేరున్న గరాజులు చేస్తాయి. ఇంటి వెనక షెడ్డులో ఒక బల్ల, ఒక వైస్, ఒక పెట్టెడు పనిముట్లతో చేసేవాళ్లూ ఉన్నారు. ఈ వ్యాసం వారి పని గురించి. ఉదాహరణకు ఎంచుకున్నది రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350, అందులోనూ ఇనుప సిలిండరు ఉన్న పాత రకం. మన దేశంలో ఎక్కువగా దొరికేదీ, ఎక్కువగా పాడుచేయబడేదీ అదే. తుప్పు వల్ల పోయిన బుల్లెట్ల కన్నా మోజు కొద్దీ ‘రిస్టోర్’ చేయడం వల్ల పోయినవే ఎక్కువేమో అనిపిస్తుంది.

బండి నేపథ్యం

బుల్లెట్ అనే పేరు 1932 నాటిది. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ కార్ఖానా 1949 మోడల్‌లో వెనక చక్రానికి స్వింగ్ ఆర్మ్, షాక్ అబ్జార్బర్లు పెట్టింది. ఆనాటి బళ్లలో చాలావాటికి వెనక ఏ స్ప్రింగూ ఉండేది కాదు. సరిహద్దు గస్తీకి గట్టి బండి వెతుక్కుంటున్న భారత సైన్యం 1952లో మద్రాస్ మోటార్స్ ద్వారా 350 సీసీ బుల్లెట్లకు ఆర్డరిచ్చింది. 1955లో ఆ సంస్థ రెడ్డిచ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పింది. మద్రాసు శివారు తిరువొత్తియూరులో మొదట విడిభాగాలు తెప్పించి బిగించేవారు. 1962 నాటికి అన్ని భాగాలూ ఇక్కడే తయారయ్యాయి. రెడ్డిచ్ కార్ఖానా 1967లో మూతపడింది, 1970 నాటికి ఇంగ్లండులో తయారీయే ఆగిపోయింది. మద్రాసులో మాత్రం 1955 నాటి బండే చిన్నచిన్న మార్పులతో సాగుతూ వచ్చింది. 1994లో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఐషర్ చేతికి వెళ్లింది. ఉద్గార నియమాలు బిగిసి, ఇంజనూ గేర్‌బాక్సూ ఒకే పెట్టెలో ఉండే కొత్త ఇంజను రావడంతో 2010 నాటికి ఇనుప బ్లాకు కథ ముగిసింది.

ఒకే నమూనా అర్ధ శతాబ్దం పైగా తయారవడం వల్ల లాభమూ ఉంది, చిక్కూ ఉంది. 1990లలో చేసిన భాగం 1960ల బండికి చాలావరకు సరిపోతుంది. అందుకే విడిభాగాలకు కొరత లేదు. అందుకే పాత బుల్లెట్లలో అధిక భాగం కలగాపులగం అయిపోయాయి కూడా. ట్యాంకు ఒక దశాబ్దానిది, ఫోర్కు మరో దశాబ్దానిది, ఇంజను ఏ వేలంలో కొన్నదో తెలియదు. మన రాష్ట్రాల్లో ఇంగ్లీషు ‘ఏ’తో మొదలయ్యే మూడక్షరాల నంబరు ప్లేటు కనిపిస్తే అది 1989కి ముందు ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరైన బండి. ఆ ప్లేటు వెనక ఉన్న ఇనుమంతా ఆ కాలానిదేనని మాత్రం అనుకోకూడదు.

ఊళ్లలో బుల్లెట్ ఉన్న ఇల్లంటే ఒకప్పుడు ఆసామి ఇల్లో, ఇంజనీరుగారి ఇల్లో, పోలీసు ఇల్లో అయ్యుండేది. ఇప్పటికీ అలాంటి బళ్లు గొడ్ల చావడి మూలన, వడ్ల బస్తాల వెనక బయటపడుతుంటాయి. కోస్తాలో ఉప్పుగాలి అల్యూమినియం భాగాలను తెల్లగా పొట్టు లేపుతుంది, సీలు విడిచిన ట్యాంకు లోపల తుప్పు పొరలు కడుతుంది. మెట్ట ప్రాంతాల బళ్లలో ఇనుము నయం. రబ్బరు పగిలిపోతుంది, గ్రీజు మైనంలా గడ్డకడుతుంది. ఏ ఊరి బండి అయినా ముందు చూడాల్సింది ఇంజను కదులుతోందా అన్నది. కిక్కు దిగకపోతే పిస్టన్ బ్లాకులో పట్టేసిందని అర్థం. ప్లగ్గు తీసి కిరసనాయిలూ ఇంజన్ ఆయిలూ కలిపి పోసి రోజుల తరబడి నాననివ్వాలి. కిక్కు మీద ఎక్కి తొక్కితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, రింగులు విరుగుతాయి.

కాగితాలు

విప్పకముందే ఆర్.సి. పుస్తకంలోని ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీదివాటితో సరిచూసుకోవాలి. నంబరు దగ్గర రుద్దిన జాడ, అక్షరాల మధ్య ఎడం తేడా, అచ్చు ఒకలా లేకపోవడం కనిపిస్తే ఆ బండి జోలికి పోకపోవడం మేలు. ఎంత చవకగా వచ్చినా సరే. ఫ్రేమును ఇసుకతో బ్లాస్టింగు చేయించేటప్పుడు నంబరు మీద మందపాటి టేపు అంటించమని చెప్పకపోతే, ఉన్న అచ్చు కూడా అరిగి రవాణా కార్యాలయంలో కొత్త తలనొప్పి మొదలవుతుంది. పౌడర్ కోటింగు మందంగా పడితే అంకెలు పూడిపోతాయి.

పనిముట్లు, మరలు

ఇంటి షెడ్డులో పెద్ద యంత్రాలు అక్కర్లేదు. గట్టి వైస్, ఫీలర్ గేజీ, వెర్నియర్, మైక్రోమీటరు, టార్క్ రెంచి, క్లచ్ పుల్లరు, మాగ్నెట్ రోటరు పుల్లరు, మంచి వెలుతురు చాలు. ఫోటోలు తీసే ఫోను అన్నిటికన్నా ముఖ్యం. ఏ వాషరు ఏ వైపు ఉందో, కేబుల్ ఏ బ్రాకెట్టు లోపలి నుంచి వెళ్లిందో నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఒక్కో భాగం నట్టులూ బోల్టులూ విడివిడి డబ్బాల్లో వేసి పేరు రాసుకోవడం అలవాటుగా చేసుకోవాలి.

బుల్లెట్‌లో బ్రిటిష్ కొలతల మరలు చాలా ఉన్నాయి. కాలం గడిచే కొద్దీ మెట్రిక్ మరలు కూడా చేరాయి. పాత బ్రిటిష్ పానా మీద ఉన్న సంఖ్య నట్టు వెడల్పును చెప్పదు, ఆ నట్టు పట్టే బోల్టు కాడ మందాన్ని చెబుతుంది. ఈ సంగతి తెలియక చేతికందిన మెట్రిక్ పానాతో తిప్పితే నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి. పాత బుల్లెట్ మీద గుండ్రమైన నట్టులూ ఉలి దెబ్బల గుర్తులూ ఎన్ని కనిపిస్తే అంతమంది తొందరపాటు మెకానిక్కుల చేతులు దాని మీద పడ్డాయన్నమాట. మర కోణాల్లోనూ తేడా ఉంది. బ్రిటిష్ మరల్లోనే విట్‌వర్త్ మర 55 డిగ్రీలు, సైకిల్ మర 60 డిగ్రీలు. మొదటి రెండు చుట్లు తిరిగింది కదా అని బలవంతాన బిగిస్తే అల్యూమినియం చాంబర్‌లో, అంటే క్రాంకు కేసులో, మర పొట్టులా ఊడొస్తుంది. అలా పోయినచోట స్ప్రింగు లాంటి ఉక్కు చుట్టను కూర్చి మళ్లీ మర తెప్పించవచ్చు. దాన్ని హెలికాయిల్ అంటారు.

ఒక నట్టు దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. కుడివైపు టైమింగ్ కవరు తీస్తే క్రాంకు చివర ఆయిల్ పంపును తిప్పే వార్మ్ నట్టు ఉంటుంది. దానిది ఎడమ మర. మామూలుగా విప్పబోతే ఇంకా బిగుసుకుంటుంది. బలం పెంచితే క్రాంకు చివరే దెబ్బతింటుంది.

విప్పేటప్పుడు చేతికి తగిలే మట్టి, దుమ్ము కూడా అమాయకమైనవేమీ కావు. పాత బ్రేకు షూ లైనింగుల్లో, క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టకూడదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. పాత రంగును గీకేటప్పుడూ అంతే, అందులో సీసం ఉండొచ్చు.

కొలవడం

ఇంజను నిర్మాణం సరళమైనది. బోరు 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ., మొత్తం 346 సీసీ. నిలువుగా ఒకటే సిలిండరు, రెండు వాల్వులు, వాటిని పైకి నెట్టే పుష్ రాడ్లు. బ్లాకు పోత ఇనుము, హెడ్డు మాత్రం అల్యూమినియం. గేర్‌బాక్సు విడిగా ఉండి, చాంబర్ వెనక బోల్టులతో బిగుసుకుంటుంది. ఆయిలు నిల్వ ఉండే తొట్టి చాంబర్ పోతలోనే భాగం. ఇలా అన్నీ విడివిడిగా విప్పడానికి వీలుండటం వల్లే ఈ బండి ఇంటి షెడ్డుకు లొంగుతుంది.

బ్లాకును మెరిసేలా కడిగి చూసి ‘బాగానే ఉంది’ అనుకోవడం మన అలవాటు. కంటికి అరుగుదల కనిపించదు. బోర్ గేజీతో పైన, నడుమ, కింద మూడు లోతుల్లో, ఒక్కోచోట ముందు నుంచి వెనకకూ పక్క నుంచి పక్కకూ కొలవాలి. పిస్టన్ పై రింగు ఆగే చోటికి కొంచెం కింద అరుగుదల ఎక్కువ. ఆ చోట గోటితో గీకితే చిన్న గట్టు తగులుతుంది. గట్టు స్పష్టంగా ఉందంటే కొత్త రింగులు మాత్రమే వేసి లాభం లేదు. కొత్త రింగు ఆ గట్టుకు తగిలి విరగవచ్చు. అప్పుడు రీబోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేయాలి. ఓవర్‌సైజు పిస్టన్లు పావు మిల్లీమీటరు మెట్లుగా దొరుకుతాయి. ముందు పిస్టన్ కొని, దాన్ని మైక్రోమీటరుతో కొలిచి, ఆ కొలతకు తగ్గట్టు బోరు తీయించాలి. బోరు తీయించాక పిస్టన్ కోసం తిరగడం తలకిందుల పని. బోరు మరీ పెద్దదై గోడ పలచబడితే ఇనుప స్లీవు వేయించి మళ్లీ 70కి తెచ్చుకోవచ్చు.

రింగును బోరులో పెట్టి, పిస్టన్‌తో సమంగా కిందికి నెట్టి, దాని కొసల మధ్య ఎడం ఫీలర్ గేజీతో చూడాలి. అంగుళం బోరుకు 4 వేల వంతుల అంగుళం అన్నది చాలాకాలంగా నడుస్తున్న లెక్క. 70 మి.మీ. బోరుకు అది దాదాపు 0.28 మి.మీ. అవుతుంది. ఎడం చాలకపోతే రింగు వేడికి సాగి కొసలు గుద్దుకుంటాయి.

వాల్వులను గ్రైండింగు పేస్టుతో కూర్చోబెట్టడం చేత్తో చేసే పనుల్లో హాయైనది. వాల్వు ముఖం మీదా సీటు మీదా బూడిద రంగులో తెగకుండా వలయం పడేదాకా తిప్పి, పేస్టును చివరి నలక వరకు కడగాలి. పోర్టులో పెట్రోలు పోసి కొంతసేపు ఉంచితే లీకు తెలిసిపోతుంది. గైడు వదులైతే ఎంత గ్రైండింగు చేసినా ఉపయోగం లేదు. అలాంటి బండి ఏటవాలులో థ్రాటిల్ మూసి దిగి, మళ్లీ రేజ్ చేసినప్పుడు నీలం పొగ వదులుతుంది.

క్రాంకు, ఆయిలు

ఈ ఇంజనుకు ప్రాణం బిగ్ ఎండ్‌లో ఉంది. పాత బుల్లెట్‌లో అక్కడ రోలర్లు ఉండవు. క్రాంకు పిన్నుకూ కనెక్టింగ్ రాడ్డుకూ మధ్య వదులుగా తిరిగే బుష్షు ఉంటుంది. ఆయిలు అందినంతకాలం అది చెక్కుచెదరదు. కాసేపు అందకపోతే చాలు, పాడవుతుంది. పిస్టన్‌ను పై చివరన ఆపి రాడ్డును నిలువుగా పైకీ కిందికీ లాగి చూస్తే, ‘టక్’మని తగిలినట్టు అనిపిస్తే బుష్షు పోయినట్టే. పక్కకు కొంచెం జరగడం సహజమే. ఇప్పుడు చాలామంది బుష్షు తీసేసి రోలర్ కిట్టు వేయిస్తున్నారు. దూరప్రయాణాలు చేసేవారికి అది సబబైన మార్పే.

క్రాంకు విప్పి మళ్లీ కూర్చడం ఇంట్లో కాదు. రెండు ఫ్లైవీళ్లను లేతు సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజీతో చూస్తూ, ఊగిసలాట 0.05 మి.మీ.కు మించకుండా సరిచేయాలి. రాగి సుత్తి ఎక్కడ, ఎంత బలంతో తగలాలో ఏళ్ల తరబడి చేసిన చేయికే తెలుస్తుంది. ఇటువంటి పనితనం విజయవాడ ఆటోనగర్‌లో, హైదరాబాదులో పుత్లీబౌలి, రాణీగంజ్ చుట్టుపక్కల దొరుకుతుంది. బోరింగు, క్రాంకు సెట్టింగు, గైడు మార్పు, నికెల్–క్రోమ్ ప్లేటింగు, ఈ నాలుగు పనులు బయట చేయించక తప్పదు. మిగతావి చాలావరకు ఇంటివే.

లేతు షాపుకు వెళ్లేటప్పుడు కావలసిన కొలతను కాగితం మీద రాసి ఇవ్వాలి. ‘అన్నా, పిస్టన్‌కు తగ్గట్టు తీసెయ్’ అంటే ఆయన తన అలవాటు ప్రకారం తీస్తాడు. రోజూ ఆయన చేతికొచ్చేవి కొత్తతరం అల్యూమినియం బ్లాకులు, ఆటో రిక్షా ఇంజన్లు. గాలితో చల్లబడే పాత ఇనుప బ్లాకుకు ఎంత ఖాళీ ఉంచాలో యజమానే తెలుసుకుని చెప్పాలి. పని అయ్యాక అక్కడే మళ్లీ కొలిపించుకుంటే ఎవరికీ మొహమాటం ఉండదు.

చాంబర్ బేరింగులను సుత్తితో కొట్టి దింపడం పెద్ద తప్పు. చాంబర్ సగాన్ని దాదాపు 100 డిగ్రీలకు వేడిచేస్తే అల్యూమినియం ఉక్కుకన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది, బేరింగు తనంతట తానే జారి పడుతుంది. ఎక్కించేటప్పుడు బేరింగును ఫ్రీజరులో ఉంచి, చాంబర్‌ను వేడిచేసి జారవిడవాలి. ఇంట్లో ఇందుకు కేక్ ఓవెను అక్కరకొస్తుంది. ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే.

ఆయిలు దారిలో ఒక చిన్న వస్తువు గురించి తప్పక చెప్పుకోవాలి. పంపు నుంచి వచ్చే ఆయిలు టైమింగ్ కవరు గుండా క్రాంకు చివరి రంధ్రంలోకి పోయేచోట ఒక కార్కు సీలు ఉంటుంది. రూపాయి బిళ్లంత కూడా ఉండదు. అది ఎండి కుంచించుకుపోతే పంపు ఎంత బాగున్నా ఆయిలు క్రాంకులోకి పోకుండా పక్క నుంచి జారిపోతుంది, వేలు పోసి చేయించిన బిగ్ ఎండ్ కొద్దిరోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. కొత్త సీలును కాసేపు ఆయిలులో నానబెట్టి కూర్చాలి. కవరు విప్పిన ప్రతిసారీ దాన్ని మార్చడం ఖర్చులో ఖర్చు కాదు.

చాలాకాలం నిలబెట్టిన బుల్లెట్‌లో తొట్టిలోని ఆయిలంతా మెల్లగా క్రాంకు కిందికి దిగిపోతుంది. డిప్ స్టిక్కు తీసి చూసి ఆయిలు లేదనుకుని ఇంకా పోస్తే, స్టార్టు చేయగానే బ్రీదరు గుండా బయటికి కక్కుతుంది. ముందు కింది ప్లగ్గు విప్పి చూడటం మంచిది.

గేర్‌బాక్సు, క్లచ్

గేర్‌బాక్సు, క్లచ్ బుల్లెట్‌లో అంత తొందరగా చెడవు. నాలుగు గేర్లు, కుడికాలితో ఒకటి పైకి, మూడు కిందికి. బ్రేకు ఎడమకాలికి. కొత్త తరంవాళ్లు మొదటిసారి ఎక్కితే బ్రేకనుకుని గేరు తొక్కే ప్రమాదం ఉంది. గేర్ లివరు పక్కనే చిన్న న్యూట్రల్ ఫైండర్ ఉంటుంది. ఫస్ట్‌లో తప్ప ఏ గేరులో ఉన్నా మడమతో నొక్కితే బండి న్యూట్రల్‌లోకి వస్తుంది. పాతవాళ్లు దాన్ని ఎంత సొగసుగా వాడేవారో! బేరింగులు, బుష్షులు చూసి, పళ్ల మూలలు విరగకుండా ఉంటే కడిగి మళ్లీ పెట్టేయడమే. ఎడమవైపు ప్రైమరీ కవరు ఒకే నట్టుతో నిలుస్తుంది. అక్కడి ఆయిలు లీకు గురించి బుల్లెట్ లోకంలో జోకులెన్నో. రబ్బరు సీలు శుభ్రంగా కూర్చుని, కవరు అంచులు చదునుగా ఉంటే లీకు ఆగుతుంది. ఆ నట్టును ఇంకా ఇంకా బిగిస్తే కవరు వంగి లీకు పెరుగుతుంది.

నిప్పు

పాయింట్ల ఇగ్నిషను ఓపికగా చేస్తే నమ్మకంగా పనిచేస్తుంది. పాయింట్లు బాగా తెరుచుకున్నప్పుడు ఎడం 0.35 నుంచి 0.40 మి.మీ. టైమింగు పెట్టడానికి పిస్టన్‌ను కంప్రెషన్ మీద పై కొసకు తేవాలి. రెండు పుష్ రాడ్లూ వేళ్లతో తిరుగుతుంటే అది కంప్రెషనే. అక్కడి నుంచి వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తెస్తూ, పిస్టన్ పై కొసకు 0.8 మి.మీ. కింద ఉన్నప్పుడు పాయింట్లు విడిపోవడం మొదలవ్వాలి. పాయింట్ల మధ్య పలచని సిగరెట్టు కాగితం పెట్టి మెల్లగా లాగుతూ ఉంటే, విడిపోయే క్షణంలో కాగితం జారి చేతికొస్తుంది. బల్బు కట్టి చూసేవారూ ఉన్నారు గానీ కాగితం దగా చేయదు.

పుష్ రాడ్లను కింద టాపెట్ తలుపు తీసి సరిచేస్తారు. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, వాల్వు మూసి ఉన్నప్పుడు, రాడ్డు పైకీ కిందికీ ఏమాత్రం ఆడకూడదు, వేళ్ల మధ్య తిరగాలి. అంతే కొలత.

వైరింగును మాత్రం పాతదని ముచ్చటపడి ఉంచకూడదు. గుడ్డ తొడుగు, పెళుసైన ప్లాస్టిక్ పగిలి ఎక్కడో ఫ్రేముకు తగిలితే బండి కాలిపోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. అవే రంగుల కొత్త తీగలతో మొత్తం అల్లుకోవాలి. హెడ్‌లైటు రెండు పక్కలా ఉండే చిన్న పైలట్ దీపాలు, మన వాడుకలో టైగర్ లైట్లు, ఎక్కువ బళ్లలో వెలగవు. వాటి ఎర్త్ తీగ దొరికితే సమస్య తీరినట్టే.

ట్యాంకు, రంగు, శబ్దం

ట్యాంకు లోపలి తుప్పును చిన్న నట్టులు వేసి ఊపి రాల్చవచ్చు. వాషింగ్ సోడా నీళ్లు పోసి బ్యాటరీ ఛార్జరుతో విద్యుద్విశ్లేషణ చేస్తే ఇంకా శుభ్రమవుతుంది. ట్యాంకును నెగటివ్‌కు కలిపి, లోపల అంచులకు తగలకుండా వేలాడదీసిన ఇనుప కడ్డీని పాజిటివ్‌కు కలపాలి. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వాడకూడదు, దాని నుంచి విషపూరితమైన క్రోమియం లవణాలు నీళ్లలోకి వస్తాయి. ఈ పనిలో హైడ్రోజన్ కూడా పుడుతుంది కాబట్టి గాలి ఆడేచోట, నిప్పుకు దూరంగా చేయాలి. ట్యాంకుకు వెల్డింగు పెట్టించాలంటే ముందు నీళ్లు నింపాలి. ఖాళీ ట్యాంకులోని పెట్రోలు ఆవిరి ప్రాణాలు తీస్తుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది, పాత ట్యాంకు పూతలను కరిగించగలదు. కార్బొరేటరు వాషర్లు, పెట్రోలు పైపు, ట్యాపు సీళ్లు ఇథనాల్‌కు ఆగే రకానివి వేసుకోవాలి. బండిని నెలల తరబడి నిలిపితే కార్బొరేటరు ఖాళీ చేయాలి.

రంగు విషయంలో నిగ్రహం చాలా అవసరం. కార్ఖానా నుంచి బుల్లెట్ అద్దంలా మెరుస్తూ రాలేదు. నల్ల ఎనామిల్ రంగు, ట్యాంకు మీద చేత్తో గీసిన బంగారు గీతలు, అంతే. ఆ గీతల్లో చెయ్యి వణికిన చోట చిన్న తేడా కనిపిస్తుంది. స్టిక్కరు గీతలో అది ఉండదు. అసలు రంగు సగానికి పైగా నిలిచి ఉన్న ట్యాంకు దొరికితే మైనం రుద్ది వదిలేయడం అన్నిటికన్నా తెలివైన పని. ఒకసారి గీకేసిన అసలు రంగును మళ్లీ ఎవరూ తేలేరు. మెటాలిక్ ఎరుపు, చాంబర్‌కు క్రోమ్ ప్లేటింగు, అడుగడుగునా ఇత్తడి బొమ్మలు, ఇవి యజమాని సరదా. పునర్నిర్మాణం లెక్కలోకి రావు.

సైలెన్సరు కూడా ఇంతే. లోపలి బాఫిల్ తీసేసిన ‘డబడబ’ బుల్లెట్ శబ్దమని ఇప్పటి కుర్రాళ్లు అనుకుంటారు. అసలు సైలెన్సరుతో నడిచే ఇనుప బ్లాకు మెత్తగా, ఎడంగా మోగుతుంది. శబ్దం కోసం మార్చిన సైలెన్సర్లను పోలీసులు పట్టుకుని రోడ్డు రోలరు కింద తొక్కించిన వార్తలు మన నగరాల నుంచి వస్తూనే ఉన్నాయి.

మొదటి కిక్కు

బిగించడం పూర్తయ్యాక ప్లగ్గు తీసి పదే పదే కిక్కు కొట్టి ఆయిలు పైకి ఎక్కిందో లేదో చూడాలి. రాకర్లకు పోయే సన్నని పైపు బాంజో బోల్టును వదులు చేస్తే అక్కడ ఆయిలు ఊరాలి. ఊరకుండా ఇంజను స్టార్టు చేయకూడదు.

తర్వాత స్టార్టింగు. స్విచ్చి వేసి, ఆమ్మీటరు ముల్లును చూస్తూ కిక్కును నెమ్మదిగా నొక్కాలి. పాయింట్లు మూసి ఉన్నంతసేపు ముల్లు మైనస్ వైపు ఉంటుంది, తెరుచుకోగానే మధ్యకు వస్తుంది. కాలికి గట్టి ప్రతిఘటన తగిలినచోట డీకంప్రెషన్ లివరు పట్టి పిస్టన్‌ను కొద్దిగా పై కొస దాటించి, లివరు వదిలి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు సాంతం తొక్కాలి. ఈ క్రమం తప్పితే ఇంజను కాలును వెనక్కి తంతుంది. చీలమండ బెణికినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరు దొరుకుతారు.

కొత్త రింగులు బోరుకు అలవాటు పడేదాకా మొదటి 500 కిలోమీటర్లు 50 కిలోమీటర్ల వేగం దాటకుండా, వెనక మనిషిని ఎక్కించుకోకుండా, ఒకే వేగంలో సాగకుండా హెచ్చుతగ్గులతో నడపాలి. టాప్ గేరులో ఇంజను గుంజుకునేలా లాగించడం వేగంకన్నా చెడ్డది. ఆ తర్వాత ఆయిలు మార్చి, కిందికి దిగిన లోహపు పొడిని చూడాలి. సన్నని బూడిద పొడి మామూలే. రేకు ముక్కలు కనిపిస్తే మళ్లీ విప్పాల్సిందే.

టూ స్ట్రోకు బళ్ల సంగతి

మైసూరులో ఐడియల్ జావా 1961 నుంచి 1996 వరకు చేసిన 250 సీసీ జావా, యెజ్డీ బళ్లకూ, 1985లో వచ్చిన 98 సీసీ యమహా ఆర్‌ఎక్స్ 100కూ కూడా ఇంటి షెడ్డుల్లో ఆదరణ ఉంది. హెడ్డులో వాల్వులు లేవు, పుష్ రాడ్లు లేవు, విప్పడానికి భాగాలు తక్కువ. జావాలో కిక్కు లివరే గేర్ లివరు కూడా. తేలికనిపించే ఈ ఇంజన్లలో అసలు చిక్కు క్రాంకు సీళ్లలో ఉంటుంది. టూ స్ట్రోకులో చాంబర్ కూడా పంపులా పనిచేస్తుంది. సీలు ఎండిపోయి బయటి గాలి లోపలికి వస్తే పెట్రోలు మిశ్రమం పలచబడి, ఇంజను వేడెక్కి, పిస్టన్ పట్టేస్తుంది. కొత్త పిస్టన్ వేసినా మళ్లీ పట్టేస్తుంది. రెండోసారి బోరు తీయించేముందు సీళ్లను అనుమానించాలి. సైలెన్సరులో గడ్డకట్టిన మసిని తీయకపోతే బండి లాగదు, ఆ తప్పును జనం కార్బొరేటరు మీదకు నెడతారు.

చట్టం

మోటారు వాహనాల చట్టం కింద సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే నియమాలు తెచ్చింది. మొదటి అమ్మకం నాటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో గణనీయమైన మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల బళ్లు దీని కిందికి వస్తాయి. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, తర్వాత మళ్లీ నమోదుకు 5,000. నంబరులో రాష్ట్ర సంకేతం తర్వాత ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ఇలా నమోదైన బండిని రోజువారీ పనులకూ వ్యాపారానికీ వాడకూడదు. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, పెట్రోలు నింపుకోవడం, మరమ్మతు వంటి వాటికే రోడ్డెక్కించాలి. ఊళ్లో పొలానికి వెళ్లిరావడానికి బుల్లెట్ కావాలనుకునేవారికి మామూలు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడమే దారి.

‘అసలు రూపం’ అన్న షరతు షెడ్డులో తీసుకునే నిర్ణయాలను కూడా ప్రభావితం చేస్తుంది. 6 వోల్టుల నుంచి 12కు మార్చడం, పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టడం వంటివి వెనక్కి తిప్పగల మార్పులు. తీసిన భాగాలను పాత ఇనుము కొట్టుకు పంపకుండా గ్రీజు రాసి, చుట్టి, పెట్టెలో దాచుకుంటే ఎప్పుడైనా మళ్లీ బిగించవచ్చు. ఫ్రేము కోయడం, డిస్కు బ్రేకు కోసం ఫోర్కుకు వెల్డింగు పెట్టించడం అలాంటివి కావు. ఏ భాగం ఎప్పుడు, ఎందుకు మార్చారో రాసిన చిట్టా, విప్పేముందు తీసిన ఫోటోలు, లేతు షాపు బిల్లులు ఆర్.సి. పుస్తకంతోపాటు భద్రపరిస్తే తనిఖీ అధికారికీ, తర్వాత ఆ బండి కొనేవారికీ సమాధానం చెప్పుకోవడం తేలికవుతుంది.